భోగాపురంలో దిగే కెప్టెన్లకు ఒక రిటైర్డ్ రైలు డ్రైవరు బహిరంగ లేఖ

కెప్టెన్ గార్లకు, ఫస్ట్ ఆఫీసర్లకు, వాళ్ళకి తర్ఫీదు ఇచ్చే సంస్థల పెద్దలకు నమస్కారాలు.

నేను విజయనగరం వాణ్ణి. ముప్పై మూడేళ్ళు రైలింజన్ మీద పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మమ్మల్నీ పైలట్లనే అంటున్నారు, లోకో పైలట్లని. మేం చేరినప్పుడు డ్రైవర్లమే. పిల్లనిచ్చేవాళ్ళు కూడా ‘రైలు డ్రైవరట’ అనే చెప్పుకునేవారు. విమానం ఎక్కింది జీవితంలో నాలుగే సార్లు. విమానం ఎలా దించాలో మీకు చెప్పేటంతటివాణ్ణి కాను, చెప్పబోవడమూ లేదు. కానీ ఇరుకు గదిలో ఇద్దరు మనుషులు, అందులో ఒకరు పెద్ద, ఒకరు చిన్న, ఎదర దూసుకొచ్చే దారి, వెనక వందలమంది జనం... ఈ కాపురం మాత్రం నేను బాగా ఎరుగుదును. మీకూ మాకూ పెద్దాయన కూర్చునేది ఎడమ వైపే.

భోగాపురం మా ఊరికి పాతిక కిలోమీటర్లు. అల్లూరి సీతారామరాజు గారి పేరు పెట్టిన ఆ విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట లాంటి ఊళ్ళు ఉన్న చోటు వదిలి జరిగాయి. 3.8 కిలోమీటర్ల రన్‌వే వేశారు. అడుగుల లెక్కలో 12,400 పైచిలుకు. ‘అంత పొడుగు రన్‌వే ఉండగా భయమేటి గురూ’ అంటున్నారు మా వీధి అరుగు మీద. నాకు ఆ ధీమా చూస్తేనే భయం. రిటైరయ్యాక మా పక్కింటాయన పంచాంగం పట్టుకున్నాడు, నేను విమాన ప్రమాదాల దర్యాప్తు నివేదికలు పట్టుకున్నాను. మంగళూరు రన్‌వే 8,000 అడుగులు. కోళికోడ్‌ది 8,858. ఆ రెండు చోట్లా అంచు దాటి లోయలోకి పోయింది బోయింగ్ 737-800 విమానమే. సరైన చోట నేల తాకి ఉంటే ఆ జాగా దానికి సరిపోయేదే.

మంగళూరు సంగతి మీకు తెలియనిది కాదు. అయినా మా ఊరివాళ్ళు కూడా ఈ ఉత్తరం చదువుతారు కాబట్టి చెప్పనివ్వండి. 2010 మే 22, తెల్లారి ఆరు దాటిన వేళ. దుబాయ్ నుంచి వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో 166 మంది. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయారు, కాక్‌పిట్ రికార్డర్‌లో గురక వినబడింది. రన్‌వే దగ్గర పడేసరికి విమానం ఉండాల్సిన దానికన్నా బాగా ఎత్తులో ఉంది. ఆ ఎత్తు పోగొట్టుకోవడానికి గబగబా కిందికి దించారు. పక్క సీట్లోని ఫస్ట్ ఆఫీసర్ ‘గో అరౌండ్’ అన్నారు. అంటే ఇప్పుడు దిగొద్దు, పైకి లేపి చుట్టి వద్దాం అని. మూడు సార్లు అన్నారు. నేల దగ్గర పడుతోందని హెచ్చరించే యంత్రం కూడా అరిచింది. చక్రాలు నేలని తాకేసరికి 5,200 అడుగుల రన్‌వే వెనకబడిపోయింది. 158 మంది పోయారు, ఎనిమిది మంది బతికారు.

మూడు సార్లు అన్నా వినలేదు కాబట్టి తప్పంతా ఎడమ సీటుదేనని తేల్చేసి పుస్తకం మూసెయ్యొచ్చు. నేనూ మొదట అలాగే మూసేశాను. పదేళ్ళ తర్వాత కోళికోడ్ నివేదిక చదివాక మళ్ళీ తెరిచాను.

2020 ఆగస్టు 7, కరోనా రోజులు, రాత్రి, హోరున వాన. మళ్ళీ దుబాయ్ నుంచే, మళ్ళీ అదే సంస్థ విమానం, 190 మంది. ఒకసారి దిగబోయి, కుదరక పైకి లేచి, రెండోసారి అవతలి వైపు నుంచి వచ్చారు. వెనక నుంచి గాలి తోస్తోంది. కెప్టెన్ వైపు అద్దం వైపర్ సరిగ్గా పనిచెయ్యలేదు. విమానం రన్‌వే మీదికి వచ్చింది గానీ నేల తాకకుండా తేలుతూ పోతోంది. అప్పుడు పక్క సీటు నుంచి వచ్చిన మొదటి మాట ‘జస్ట్ చెక్ ఇట్’. ఒకసారి చూసుకోండి, అంతే. ఏం చూసుకోవాలి? చెప్పలేదు. రెండో మాట ‘కెప్టెన్’ అన్న నసుగుడు. ఆ తర్వాత గానీ గో అరౌండ్ అన్న అసలు మాట రాలేదు. దానికి జవాబు లేదు. 4,438 అడుగుల దగ్గర చక్రాలు తాకాయి, రన్‌వేలో దాదాపు సగం అయిపోయింది. 21 మంది చనిపోయారు, పైలట్లు ఇద్దరూ అందులో ఉన్నారు. ఫస్ట్ ఆఫీసర్ విమానాన్ని తన చేతుల్లోకి తీసుకుని ఉండాల్సిందని దర్యాప్తువాళ్ళు రాశారు. నిజమే. కానీ ‘ఒకసారి చూసుకోండి’ అని నసిగిన మనిషి చెయ్యి చాపి కెప్టెన్ చేతిలోని విమానాన్ని లాక్కోగలడా?

ఆ నసుగుడు నాకు కొత్త కాదు. మన ఇళ్ళలో అందరం మాట్లాడేది ఆ భాషే. కూరలో ఉప్పు లేకపోతే మామగారితో ‘ఉప్పు లేదు’ అంటామా? ‘కాస్త చప్పగా ఉన్నట్టుందండీ, నా నోరే బాగులేదేమో’ అంటాం. బస్సు డ్రైవరు కునుకుతుంటే ‘టీ తాగుదాం ఆపండి గురూ’ అంటాం. పెద్దవాళ్ళ తప్పుని మన తప్పుగా మార్చి చెప్పడం మనకి మర్యాద. ‘వాన గట్టిగా ఉన్నట్టుందండీ’ అన్న మాటలో ‘దిగొద్దు’ అన్న మాట దాగి ఉంటుంది. తీరుబడిగా ఉన్నవాడికి అది వినబడుతుంది. చెమటలు కారుతూ రన్‌వే దీపాల కోసం వెతుక్కుంటున్న వాడికి వాన సంగతి మాత్రమే వినబడుతుంది. ఇది మన దేశానికే పట్టిన జబ్బూ కాదు. 1990లో కొలంబియా విమానం ఒకటి న్యూయార్క్ మీద తిరిగి తిరిగి ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది పోయారు. ఫ్యూయల్ అయిపోతోందని కంట్రోలర్‌కి చెప్పారు గానీ ‘ఎమర్జెన్సీ’ అన్న ఒక్క మాట వాళ్ళ నోట రాలేదు. 1997లో గువామ్‌లో కొండని కొట్టుకున్న కొరియన్ ఎయిర్ జంబోలో ఫస్ట్ ఆఫీసర్ ‘మిస్డ్ అప్రోచ్’, అంటే దిగడం మానేసి పైకి లేద్దాం అన్నారు, కొన్ని సెకన్ల ముందు. 228 మంది.

ఇక నా సంగతి. ఇది ఎక్కడా రిపోర్టు కాలేదు, ఎందుకంటే ఏమీ జరగలేదు.

నవంబరు నెల, ముసురు. పలాస నుంచి గూడ్సు తీసుకుని విజయనగరం వస్తున్నాను. నా అసిస్టెంటు కొత్త కుర్రాడు, టెక్కలి వైపువాడు, మంచి చురుకు. తిలారు దాటాక ‘సార్, ముందర కాషన్ ఉంది, 30’ అన్నాడు. అంటే ముందు ట్రాక్ పని జరుగుతోంది, ముప్పై కిలోమీటర్ల వేగానికి తగ్గాలి అని. నాకు గుర్తుంది. అప్పటికే రెండు రాత్రులు నిద్ర లేదు, ఇంట్లో ఏదో చికాకు. ‘నువ్వు పుట్టకముందు నుంచీ తోల్తన్నాను ఈ లైన్లో. నాకు తెల్దేటి?’ అని కసిరాను. కుర్రాడు ‘అలాగే సార్’ అన్నాడు. ఆ తర్వాత ఆమదాలవలస దాకా సిగ్నల్ తప్ప మరో మాట లేదు.

రైలింజన్‌లో ప్రతి సిగ్నల్నీ ఇద్దరం చెయ్యెత్తి చూపిస్తూ పైకి చెప్పుకోవాలి. ఒకడు చూసి చెబితే రెండోవాడు చూసి తిరిగి చెప్పాలి. మీ కాల్‌అవుట్ల లాంటిదే. పొందూరు దాటాక వానలో డిస్టెంట్ సిగ్నల్ కనబడింది, ముందున్న సిగ్నల్ సంగతి ముందే చెప్పేది. కుర్రాడు ‘డిస్టెంట్ ఎల్లో’ అన్నాడు. ఒక పసుపు దీపం వెలిగితే ముందు సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడాలి. నేను చెయ్యెత్తి ‘డబుల్ ఎల్లో’ అన్నాను. రెండు పసుపులైతే అంత తొందర లేదు. రోజూ అక్కడ రెండే ఉంటాయి, నా కళ్ళకి అవే కనబడ్డాయి. వాడు ఏమీ అనలేదు. వంపు తిరిగేసరికి ఎదర ఎర్ర దీపం. ఉన్న బ్రేకంతా వేశాను. సిగ్నల్‌కి రెండు వ్యాగన్ల దూరంలో ఆగింది. పక్కకి చూస్తే వాడి చెయ్యి తన వైపున్న ఎమర్జెన్సీ బ్రేకు వాల్వ్ మీద ఉంది. ఆ చెయ్యి వణుకుతోంది.

‘ఎల్లో అని తెలిసి మళ్ళీ చెప్పలేదేంరా?’ అన్నాను.

‘చెప్పానండి. మీరు డబల్ అన్నారు. మీకు తెలుసన్నారు కదండీ, ఇందాక.’

ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ కుర్రాడికి రూలు వచ్చు, ధైర్యమూ ఉంది. చెయ్యి వాల్వ్ మీద పెట్టినవాడు పిరికివాడేం కాదు. వాడి నోరు నేను గంటన్నర ముందే తిలారు దగ్గర మూసేశాను. సిగ్నల్ దగ్గర దాని ఫలితం చూశాను.

అందుకే కెప్టెన్ గార్లకి నా మొదటి మాట అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు రావడం) గురించి కాదు, బయల్దేరే ముందు గురించి. మీ పక్కనున్న అమ్మాయో అబ్బాయో (మన దేశంలో అమ్మాయి పైలట్లు బాగా ఎక్కువని విని సంతోషించాను) చేసే మొదటి చిన్న దిద్దుబాటుకి మీరేం జవాబిస్తారు? రేడియోలో ఒక అంకె తప్పు చెప్పి ఉంటారు, వాళ్ళు సరిచేస్తారు. ‘థాంక్యూ, నేను తప్పు చెప్పాను’ అంటారా, ‘ఆఁ, తెలుసు’ అంటారా? రెండు గంటల తర్వాత భోగాపురం మీద గో అరౌండ్ అన్న మాట గొంతు దాటేదీ లేనిదీ అక్కడే తేలిపోతుంది. పుస్తకంలో దీన్ని ‘అథారిటీ గ్రేడియంట్’ అంటారు, అంటే పెద్దరికపు వాలు. కొండ ఎంత నిటారుగా ఉంటే కింది మాట పైకెక్కడం అంత కష్టం.

వాలు అంటే గుర్తొచ్చింది. మాకు కొత్తవలస నుంచి కిరండూల్ లైనుంది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగూడ నుంచి ఇనుప ఖనిజం నింపుకున్న బండిని బొర్రా మీదుగా మైదానానికి దించుకు రావాలి. ఆ ఘాట్లో వేగం అదుపు పైనే జరగాలి. సగం దిగాక ‘ఇప్పుడు పట్టుకుంటాలే’ అంటే బండి వినదు. మీ స్టెబిలైజ్డ్ అప్రోచ్ గురించి చదివినప్పుడు ‘అరె, ఇది మా ఘాటే’ అనుకున్నాను. రన్‌వేకి 1,000 అడుగుల ఎత్తులోకి వచ్చేసరికి, ఆకాశం తేటగా ఉంటే 500 అడుగులకి, చక్రాలూ, ఫ్లాపులూ (రెక్కల వెనక కిందికి వంగే రేకులు) దిగి ఉండాలి, వేగం కుదిరి ఉండాలి, నిమిషానికి వెయ్యి అడుగులకన్నా జోరుగా దిగుతూ ఉండకూడదు. వీటిలో ఏది కుదరకపోయినా లేచిపోవడమే. రూలు ఇంత సాఫీగా ఉంది. అయినా అలా కుదరని అప్రోచ్‌లలో నూటికి మూడో నాలుగో మాత్రమే గో అరౌండ్‌తో ముగుస్తున్నాయని, మిగతావాళ్ళు అలాగే దించేస్తున్నారని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్ళు చెప్పారు. దించేసిన ప్రతిసారీ ఏమీ కాదు, నా గూడ్సు బండికి ఏమీ కానట్టే. ఏమీ కాని ప్రతిసారీ మనిషికి ‘నాకు తెలుసు’ అన్నది ఇంకాస్త గట్టిపడుతుంది.

మా తీరంలో మీ చేత గో అరౌండ్ చేయించే వాతావరణానికి కరువు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్ని ఎలా చీల్చేసిందో, 2018లో తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి ఉద్దానం కొబ్బరి తోటల్ని ఎలా పడగొట్టిందో చూశాం. తుఫాను రోజున ఎలాగూ విమానాలు రావు. నాకు భయం మామూలు రోజులతోనే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టి ఉన్నట్టుండి గాలి తిరుగుతుంది, పది నిమిషాల్లో అంతా అయిపోతుంది. అప్పుడు ‘రన్‌వే పొడుగేలే, లాగించేద్దాం’ అనిపిస్తుంది చూడండి, ఆ క్షణంలో పక్కసీటు గొంతు మీకు వినబడాలి.

చెయ్యమని అడిగేది పెద్దదేం కాదు. కిందికి దిగడం మొదలెట్టేముందు మీరు ఎలాగూ బ్రీఫింగ్ చేస్తారు. అందులో రన్‌వే, గాలి, ఎత్తు అన్నీ అప్పజెప్పాక ఒక్క వాక్యం మీ నోటితో కలపండి: ‘నువ్వు గో అరౌండ్ అంటే నేను కారణం అడగను, లేపేస్తాను. కారణం పైకెళ్ళాక మాట్లాడుకుందాం.’ మాన్యువల్‌లో ఇది ఏదో ఒక రూపంలో ఉందని తెలుసు. మాన్యువల్ చెప్పడం వేరు, పక్కన కూర్చున్న పెద్దమనిషి మొహం చూసి చెప్పడం వేరు.

ఫస్ట్ ఆఫీసర్లకి ఒకటి. బాబూ, అమ్మా, నసగొద్దు. మర్యాదంతా నేల మీద చూపించండి. ‘చూసుకోండి’ అనకుండా ఏం చూడాలో అంకెతో చెప్పండి: స్పీడ్ ఇంత, సింక్ రేట్ (కిందికి దిగే జోరు) ఇంత. ఒకసారి చెప్పి కదలిక లేకపోతే రూలు ప్రకారం అనాల్సిన ఆ మాటే మళ్ళీ, గట్టిగా. అప్పటికీ లేకపోతే ‘ఐ హేవ్ కంట్రోల్’, విమానం ఇక నా చేతిలో అని. మీ రూలు మీకిచ్చిన హక్కు అది. అన్నట్టు, ఇద్దరూ తెలుగువాళ్ళయినా సరే దిగే ఆ పది నిమిషాలూ ‘ఏవండీ, కాస్త...’ అన్న మన భాషలోకి జారకండి. తెలుగంటే నాకు ప్రాణమే. గో అరౌండ్‌కి తెలుగు మాట వెతకాలని మాత్రం నాకు లేదు.

చెప్పడమే కాదు, చేసే చేతిని కూడా చూడాలి. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో దిగబోతున్న ఏటీఆర్ విమానంలో ఫ్లాప్ దింపమంటే పొరపాటున పక్కనున్న వేరే లీవర్లు కదిపారు. ప్రొపెల్లర్లకి తోపు పోయింది. ఏం జరిగిందో ఇద్దరికీ అంతుపట్టలేదు, 72 మంది పోయారు. లీవర్ పట్టుకున్నాక దాని పేరు పైకి చదివి, రెండోవాడు చూసి అవునన్నాక కదిపితే ఎంతసేపు పడుతుంది? మేం వానలో దీపానికి చెయ్యెత్తి పేరు పెట్టి పిలుస్తుంటే ప్లాట్‌ఫారం మీది పిల్లలు నవ్వేవారు. నవ్వనివ్వండి.

పదివేల అడుగుల కిందికి వచ్చాక అనవసరపు కబుర్లు వద్దన్న రూలు అమెరికాలో 1981లో వచ్చింది. 1974లో షార్లెట్ దగ్గర పొగమంచులో దిగుతూ రాజకీయాలూ పాత కార్లూ మాట్లాడుకున్న సిబ్బంది విమానాన్ని రన్‌వేకి ముందే నేలకి కొట్టారు. మంచి రూలే. కబుర్లు మానమన్నారు గానీ నోళ్ళు కుట్టేసుకోమనలేదు. కొంతమంది పెద్దలు దాన్ని ‘నా కాక్‌పిట్‌లో చప్పుడుండకూడదు’ అని అర్థం చేసుకుంటారు. అలాంటి పెద్దలు మా రన్నింగ్ రూముల్లోనూ (డ్యూటీల మధ్య మేం విశ్రాంతి తీసుకునే గదులు) ఉండేవారు.

సంస్థల పెద్దలకి: గో అరౌండ్ చేసిన పైలట్‌ని తప్పుపట్టబోమని మీ కాగితాల్లో ఉంటుంది. కానీ ఇంధనం ఎంత ఖర్చయింది, ఎంత ఆలస్యమైంది అని మర్నాడు నవ్వుతూ అడిగినా అది విచారణే. సిమ్యులేటర్‌లో ఇంజన్ ఆగిపోవడం, మంటలు రావడం నేర్పుతారు. ఎడమ సీట్లో పెద్ద పేరున్న కెప్టెన్‌ని కూర్చోబెట్టి, కావాలని తప్పు అప్రోచ్ చేయించి, ‘నాకు తెలుసులే’ అనిపించి, కుడి సీటు పిల్లలు విమానం ఎప్పుడు తీసుకుంటారో కూడా చూడండి. ఎన్నో అడుగు దగ్గర నోరు పెగిలిందో రాసుకోండి. పెగలకపోతే మళ్ళీ శిక్షణ ఇవ్వాల్సింది ఆ పిల్లలకొక్కరికే కాదు.

మా జనానికీ ఒక మాట. మంగళూరు, కోళికోడ్ విమానాల్లో వచ్చినవాళ్ళలో ఎక్కువమంది గల్ఫ్ నుంచి ఇంటికి వస్తున్నవాళ్ళే. మా సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం కుర్రాళ్ళూ అలాగే రెండేళ్ళకోసారి వస్తారు. కిటికీలోంచి సముద్రం, సరుగుడు తోటలు కనబడి, చక్రాలు తాకబోతుండగా విమానం హోరుమని పైకి లేస్తే భయమేస్తుంది, కోపమూ వస్తుంది. దిగాక సిబ్బంది మీద అరవకండి. కెప్టెన్ గారూ, మీరు కూడా పైకి లేచి కుదురుకున్నాక మైకులో రెండు ముక్కలు చెప్పండి. ‘టెక్నికల్ రీజన్’ అనొద్దు. ‘దిగడం సరిగ్గా కుదరలేదు, మళ్ళీ వస్తున్నాం’ అంటే మా వాళ్ళకి అర్థమవుతుంది.

ఈ జిల్లాలోనే కంటకాపల్లి, అలమండ మధ్య 2023 అక్టోబరు 29 రాత్రి ఒక రైలు వెనక నుంచి ఇంకో రైలు గుద్దింది. 14 మంది పోయారు. మర్నాడు పొద్దున్న ఆ పట్టాల పక్కన నిలబడ్డాను. అక్కడ ఆ ఇంజన్‌లో ఎవరు ఎవరితో ఏమన్నారో నాకు తెలియదు, ఊహించను. ఈ ఉత్తరం రాయాలని మొదట అనిపించింది మాత్రం ఆ పొద్దునే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లోకో పైలట్,
విజయనగరం.

తా.క.: పోస్టు చేసే ముందు ఈ ఉత్తరం నా పాత అసిస్టెంటుకి ఫోన్లో చదివి వినిపించాను. ఆయనిప్పుడు మెయిల్ బళ్ళు నడుపుతున్నాడు. పొందూరు సంగతి దగ్గర ఆపేసి, ‘రెండు వ్యాగన్లు కాదు గురువుగారూ, ఒక్కటి కూడా లేదు. నేను దిగి అడుగులేసి కొలిచాను’ అన్నాడు. ఇన్నేళ్ళూ నేను రెండనే చెప్పుకుంటూ వచ్చాను. పైన రాసింది కొట్టెయ్యకుండా అలాగే ఉంచి, ఇక్కడ సరిచేస్తున్నాను: ఒక్కటి కూడా లేదు.